బిల్లు పెట్టడం వేరు, ఖజానా తాళం వేరు

(మన సంఘం పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పింది. ఇటువంటి రోజున ఆ తీర్పు గురించి మాట్లాడటం ఆనవాయితీ. ఈసారి కార్యవర్గం వారు నాకు వేరే పని అప్పగించారు.

సంగతి ఇది. మొన్నటి కార్యవర్గ సమావేశంలో ఒక మిత్రుడు లేచి, "ఎన్నాళ్ళని వినతిపత్రాలు ఇస్తాం? మన ఎం.పి. గారిచేత పార్లమెంటులో ఒక ప్రైవేటు బిల్లు పెట్టిద్దాం. బిల్లు పాసైతే ఎవరూ కాదనలేరు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తరువాత అధ్యక్షులవారు నావైపు తిరిగి, "గుమాస్తాగిరీ చేసినవారు మీరు. రూల్సు ఏమంటున్నాయో చూసి చెప్పండి" అన్నారు. చూశాను. చూసినది చూసినట్టుగా మీ ముందు పెడతాను. కొంత చేదుగా ఉంటుంది. మందు కూడా చేదే గదా!

నేను ఉద్యోగంలో ఎక్కువ కాలం గడిపింది ట్రెజరీ కాగితాల మధ్య. మాకు బిల్లు అంటే ఒకటే అర్థం. జీతం బిల్లు, టి.ఏ. బిల్లు, కంటింజెంటు బిల్లు. పార్లమెంటులో బిల్లు అంటే చట్టం కాబోయే ముసాయిదా. రెండింటికీ పేరు ఒకటే గాని, పోలిక లేదనుకునేవాణ్ణి. రూల్సు చదివిన తరువాత తెలిసింది, పోలిక ఉంది. రెండింటినీ అడిగే ప్రశ్న ఒకటే: "డబ్బు ఎక్కడిది? సాంక్షను ఎవరిది?"

ముందుగా ప్రైవేటు మెంబరు అంటే ఎవరో చెప్పుకుందాం. మంత్రి కాని ప్రతి సభ్యుడూ ప్రైవేటు మెంబరే. ప్రతిపక్షం వారే కానక్కరలేదు, పాలకపక్షంలో వెనుక వరుసలో కూర్చున్నవారూ ప్రైవేటు మెంబర్లే. వారు పెట్టే బిల్లులను అనధికార బిల్లులంటారు. లోక్‌సభలో వీటికి, అనధికార తీర్మానాలకు కలిపి శుక్రవారం నాడు చివరి రెండున్నర గంటలు కేటాయిస్తారు. ఏ బిల్లు ముందు చర్చకు రావాలన్నది చీటీ తీసి నిర్ణయిస్తారు. చీటీలో పేరు రాకపోతే ఆ బిల్లు కాగితం మీదే ఉండిపోతుంది. ఆ లోక్‌సభ రద్దయితే దానితోపాటే అదీ పోతుంది.

1952 నుంచి ఇప్పటివరకు ఇలాంటి బిల్లులు ఉభయ సభలూ దాటి చట్టాలైనవి పద్నాలుగు మాత్రమే. ఫిరోజ్ గాంధీ గారు పట్టుబట్టి తెచ్చిన 1956 నాటి చట్టం వాటిలో ఒకటి. పార్లమెంటు చర్చలను పత్రికలు నిజాయితీగా ప్రచురిస్తే కేసులు పడకుండా రక్షణ కల్పించిన చట్టం అది. ఆఖరిది 1970లో వచ్చింది. సుప్రీంకోర్టు క్రిమినల్ అప్పీళ్ళ పరిధిని పెంచే చట్టం. నేను ఉద్యోగంలో చేరకముందు మాట. నేను చేరాను, ప్రమోషన్లు పొందాను, రిటైరయ్యాను, మనవలు ఉద్యోగాలలో చేరారు. పదిహేనవది రాలేదు.

ఎందుకు రాలేదు? ప్రభుత్వానికి మెజారిటీ ఉంటుంది, ఇతరుల బిల్లు ఓడిస్తుంది. అది ఒక కారణం. అయితే డబ్బుతో ముడిపడిన బిల్లుకు ఓటింగు దాకా రాకముందే ఒక గేటు ఉంది. మనకు కావలసినవన్నీ డబ్బుతో ముడిపడినవే కనుక ఆ గేటు సంగతి మనం తప్పక తెలుసుకోవాలి.

రాజ్యాంగంలో 117వ అధికరణం, మూడో క్లాజు. ఏదైనా బిల్లు చట్టమై అమలులోకి వస్తే కేంద్రప్రభుత్వ సంచిత నిధి నుంచి ఖర్చు చేయవలసి వచ్చేట్లయితే, దానిని పరిశీలించవలసిందిగా రాష్ట్రపతి సిఫార్సు చేయనిదే ఏ సభా దానిని పాస్ చేయరాదు. రాష్ట్ర శాసనసభలకు ఇదే నిబంధన 207వ అధికరణంలో ఉంది. అక్కడ రాష్ట్రపతికి బదులు గవర్నరు. లోక్‌సభ నియమావళిలో 69వ రూలు ఇంకొక మాట చెబుతుంది. ఖర్చుతో కూడిన ప్రతి బిల్లుకూ ఒక ఆర్థిక వివరణ పత్రం జతచేయాలి. ఎంత ఖర్చు, ఏటేటా ఎంత, ఒక్కసారికి ఎంత అని రాయాలి. ఖర్చు తెచ్చే క్లాజులను ముద్దక్షరాలలోనో, వాలు అక్షరాలలోనో అచ్చువేయాలి. చదివేవారి కన్ను ముందు అక్కడే పడాలని. ఈ రూలు రాసినవారు ఎవరో గాని, మా సెక్షనులో పనిచేయదగినవారు!

ఇక రాష్ట్రపతి సిఫార్సు అంటే రాష్ట్రపతి తమంత తాముగా ఆలోచించి ఇచ్చేది కాదు. మంత్రిమండలి సలహా మీద ఇచ్చేది. అంటే సభ్యుడు బిల్లు తెస్తాడు. సిఫార్సు కోసం రాస్తాడు. ఆ కాగితం సంబంధిత మంత్రిత్వశాఖకు వెళుతుంది. ఏ ప్రభుత్వం ఆ పని చేయడం లేదని బిల్లు పెట్టారో, ఆ ప్రభుత్వమే తలుపు తీయాలి. బిల్లును ప్రవేశపెట్టవచ్చు, ఫోటో పేపరులో రావచ్చు, మనం దండలు వేయవచ్చు. సిఫార్సు లేకపోతే అది పరిశీలన దశ దాటదు.

ఇది అన్యాయమని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. అయితే మనం కోనసీమవాళ్ళం. కాలువ నీటి సంగతి ఎవరూ మనకు చెప్పనక్కరలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గరనుంచి మనం లాకులు, తూములు చూస్తూ పెరిగాం. ప్రతి రైతూ తన చేను ఎండుతోందని తన తూము తాను ఎత్తుకుంటే ఏమవుతుంది? ఎగువవారి చేలు మునుగుతాయి, శివారు భూములకు చుక్క రాదు. రాజోలు శివారు రైతుకు ఈ బాధ తెలుసు. అందుకే తూము తలుపు లస్కరు చేతిలో ఉంటుంది. కాలువలో ఎంత నీరుందో, ఎవరి వంతు ఎప్పుడో లెక్క చూసేవాడు ఒకడుండాలి. సభలో 543 మంది ఉన్నారు. ఒకరు కొబ్బరి రైతుకు, ఒకరు చేనేతకు, ఒకరు మనకు ఖర్చు చేయాలని తలా ఒక చట్టం చేయించుకుంటే, పన్నులు వేసి జవాబు చెప్పవలసినవాడు ఎవడూ మిగలడు. ఖర్చు ప్రతిపాదించేవాడే ఆదాయమూ చూపించాలి, తరువాత ప్రజలకు లెక్కా చెప్పాలి అన్నదే ఈ నిబంధన లోని నీతి.

ఇది ఇప్పటిది కూడా కాదు. బ్రిటిష్ కామన్స్ సభ 1713లోనే దీనిని స్థిర నియమంగా పెట్టుకుంది. రాజు తరఫున మంత్రులు కోరనిదే ఖజానా మీద భారం వేసే ప్రతిపాదనను సభ తీసుకోదు. మనదేశంలో 1919 చట్టం ప్రకారం ప్రభుత్వ రాబడిని తాకే ప్రతిపాదనకు గవర్నరు జనరలు ముందస్తు అనుమతి కావలసి వచ్చింది. ఆనాడు ఆ తాళం మనం ఎన్నుకోనివాడి చేతిలో ఉండేది. మన జిల్లాకు ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ అంబేద్కర్ గారి అధ్యక్షతన తయారైన రాజ్యాంగంలో తాళం అలాగే ఉంది గాని, పట్టుకునే చేయి మారింది. మనం ఎన్నుకున్న సభకు జవాబుదారీ అయిన మంత్రిమండలి చేతికి వచ్చింది. బడ్జెటులోనూ అదే పద్ధతి. గ్రాంటును సభ్యుడు తగ్గించమనవచ్చు, తిరస్కరించమనవచ్చు, పెంచమనడానికి లేదు. ఒక ఫిర్యాదును సభ దృష్టికి తేవడానికి నూరు రూపాయలు తగ్గించమని కోత తీర్మానం ఇస్తారే, అది అందుకే. పెంచమని అడిగే దారి లేక, తగ్గించమని అడిగి మన గోడు వినిపించడం!

ఇంతవరకు నిబంధన తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. ఇక రెండవ వైపు చెప్పాలి.

మన రాష్ట్రానికి సంబంధించిన ఉదంతం మీకందరికీ గుర్తుంది. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని డాక్టర్ మన్మోహన్ సింగ్ గారు పదమూడు జిల్లాల ఆంధ్రప్రదేశ్‌కు అయిదేళ్ళపాటు ప్రత్యేక హోదా వర్తింపజేస్తామని సభాముఖంగా చెప్పారు. ఆ మాట విభజన చట్టంలోకి ఎక్కలేదు. దానిని చట్టంలో చేర్చాలని కాంగ్రెసు సభ్యులు శ్రీ కె.వి.పి. రామచంద్రరావు గారు 2015లో రాజ్యసభలో ఒక ప్రైవేటు బిల్లు పెట్టారు. 2016లో చర్చ జరిగింది. పల్లెటూళ్ళలో కూడా మనవాళ్ళు టీవీల ముందు కూర్చుని, ఈ శుక్రవారం ఓటింగు, వచ్చే శుక్రవారం ఓటింగు అని ఎదురుచూశారు. 2016 ఆగస్టు 5న ఆర్థికమంత్రి శ్రీ అరుణ్ జైట్లీ గారు, ఇది డబ్బుకు సంబంధించిన బిల్లు, ద్రవ్య బిల్లు కిందికి వస్తుంది, రాజ్యసభలో దీనిమీద ఓటింగు కుదరదు అని అభ్యంతరం చెప్పారు. ఏది ద్రవ్య బిల్లో తేల్చే అధికారం రాజ్యాంగం 110వ అధికరణం ప్రకారం లోక్‌సభ స్పీకరుది. కనుక సభ నడుపుతున్న ఉపాధ్యక్షులు శ్రీ పి.జె. కురియన్ గారు విషయాన్ని స్పీకరు నిర్ణయానికి పంపారు. ఆ బిల్లు చట్టం కాలేదు. మరుసటి నెలలో కేంద్రం హోదాకు బదులు ప్రత్యేక సహాయం ప్రకటించింది.

హోదా మంచిదా, ప్యాకేజీ మంచిదా అన్నది ఈ వేదిక మీద నేను ఎత్తను. మనలో అన్ని పార్టీలవారూ ఉన్నారు. నేను గుమాస్తా కన్నుతో చూసింది ఒక్కటే. ద్రవ్య బిల్లును రాజ్యసభలో ప్రవేశపెట్టడానికే వీలులేదు. అది ద్రవ్య బిల్లే అయితే, ఆ అభ్యంతరం 2015లో, బిల్లు లోపలికి వచ్చిన రోజున రావాలి. ఏడాది తరువాత, ఓటింగు ముంగిట వచ్చింది. ట్రెజరీలో మాకు నేర్పిన మొదటి పాఠం ఏమిటంటే, అభ్యంతరాలన్నీ ఒకేసారి, మొదటిసారే రాయాలి. బిల్లు తెచ్చినవాణ్ణి విడతకొక కొర్రీ పెట్టి తిప్పకూడదు. ఆ పాఠం పెద్ద సభలకూ వర్తిస్తుందని నా మనవి.

స్పీకరు అన్న మాట వచ్చింది గనుక మన ఎదుర్లంక బిడ్డను తలచుకోకుండా ఉండలేను. కీర్తిశేషులు జి.ఎం.సి. బాలయోగి గారు 1998లో స్పీకరు అయినప్పుడు మనం ఎంత పొంగిపోయామో గుర్తుందా? ఒక బిల్లు ద్రవ్య బిల్లు అని స్పీకరు సంతకం పెడితే అది తుది మాట. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు ప్రమాదంలో ఆయన పోయేవరకు అంతటి సంతకం మన లంకల నుంచి వెళ్ళినవాడి చేతిలో ఉంది. యానాం వైపు గౌతమి వంతెన దాటేటప్పుడు ఆయన పేరు చూసి మనం చేయి జోడిస్తాం. పిల్లలకు ఆ సంతకం బరువు కూడా చెప్పండి.

ఇంకొక విశేషం. చట్టాలైన ఆ పద్నాలుగు ప్రైవేటు బిల్లులలో 1964 నాటిది ఒకటి ఏమిటో తెలుసా? పార్లమెంటు సభ్యుల జీతభత్యాల సవరణ బిల్లు! నవ్వకండి. ఖజానా మీద భారం పడే బిల్లు ప్రైవేటు మెంబరు పెట్టినా చట్టం కాగలదన్నదానికి అంతకంటే మంచి రుజువు లేదు. కావలసిందల్లా తాళం ఉన్నవారి ఇష్టం.

ఇష్టం లేకపోతే ఏమవుతుందో బ్రిటన్‌లో చూశారు. అక్కడ అఫ్జల్ ఖాన్ అనే ప్రతిపక్ష సభ్యుడు నియోజకవర్గాల హద్దుల మీద పెట్టిన బిల్లు 2017 డిసెంబరులో రెండవ పఠనం దాటింది. ఖర్చుకు సమ్మతి తెలిపే తీర్మానాన్ని ప్రభుత్వమే పెట్టాలి, పెట్టలేదు. 2018లో ఆ బిల్లు కమిటీ వారం వారం సమావేశం కావడం, బిల్లులో ఒక్క క్లాజు కూడా చర్చించలేక వాయిదా పడటం! కాదు అని సభలో ఓడించలేదు, సరే అని ముందుకు పోనివ్వలేదు.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఏ ఊరు, ఏ కార్యాలయం అన్నది వదిలేయండి. రిటైరైన ఒక అటెండరు వైద్య ఖర్చుల బిల్లు నా సీటుకు వచ్చింది. బడ్జెటు లేదు. రూలు ప్రకారం వాపసు చేశాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ వాపసు. మూడోసారి బిల్లు పట్టుకుని ఆయనే వచ్చాడు. చేతిలో కర్ర, భుజాన తుండుగుడ్డ. "బాబుగారూ, ఇస్తారని చెప్పండి, కూర్చుంటాను. ఇవ్వరని చెప్పండి, ఉన్న పది సెంట్లు అమ్ముకుంటాను. ఇటూ అటూ కాకుండా తిప్పకండి" అన్నాడు. నేను చేసినదాంట్లో రూలు తప్పు లేదు. బడ్జెటు ఎప్పుడు వస్తుందని పైకి ఒక ఉత్తరం రాసి, ఆ జవాబు ఆయనకు చెప్పి ఉండవచ్చు. అది నా పని కాదనుకున్నాను. ఆ ఏడాది బడ్జెటు వచ్చేసరికి బిల్లు తీసుకోవడానికి ఆయన భార్య వచ్చింది. ఆమె వేలిముద్ర వేయించుకుంటున్నప్పుడు నా చేయి వణికింది. ఇవ్వకపోవడం కంటే జవాబు చెప్పకపోవడం పెద్ద తప్పని నాకు ఆరోజు తెలిసింది.

ఈ 117వ అధికరణం గురించి నేను చెప్పదలచుకున్నదీ అదే. తాళం ప్రభుత్వం చేతిలో ఉండటం సబబే. తాళం ఉన్నవాడు జవాబు చెప్పకుండా ఉండటం సబబు కాదు. లస్కరు తూము ఎత్తకపోవచ్చు, కాని ఎందుకు ఎత్తలేదో రైతుకు చెప్పి తీరాలి.

మరి మన సంఘం ఏం చేయాలి? నాకు తోచినవి నాలుగు మాటలు.

మొదటిది, గుమ్మం సరిగ్గా చూసుకోవాలి. మనలో ఎక్కువమందికి పెన్షను రాష్ట్ర సంచిత నిధి నుంచి, 2071 పద్దు కింద వస్తుంది. దానికి పార్లమెంటులో బిల్లు పెట్టించడం అంటే రాజోలు తూము కోసం పొరుగు జిల్లా లస్కరును అడగడమే. మన డి.ఆర్. బకాయిలకు, పే రివిజనుకు గుమ్మం రాష్ట్రప్రభుత్వం. అక్కడ అడగవలసినవారు శాసనసభ్యులు. అక్కడా 207వ అధికరణం ఉంది గనుక, బిల్లు కంటే సభలో ప్రశ్న, బడ్జెటు చర్చ మనకు దగ్గర దారి.

రెండవది, మన కుటుంబాలలో ఇ.పి.ఎస్. పెన్షనర్లు ఉన్నారు. ప్రైవేటు మిల్లులలో, కంపెనీలలో జీవితం అరగదీసినవారు. 1995లో మొదలైన ఆ పథకంలో కనీస పెన్షను 2014 సెప్టెంబరులో వెయ్యి రూపాయలు చేశారు. అది కేంద్రం గుమ్మం. ఎం.పి. గారిని అడగవలసింది వారికోసం. ఆయన బిల్లు పెడతానంటే వద్దనకండి. కాని అడగవలసిన ప్రశ్నలు అడగండి: "ఆర్థిక వివరణ పత్రం జతచేశారా? ఎంత ఖర్చని రాశారు? రాష్ట్రపతి సిఫార్సు కోసం ఏ తేదీన రాశారు? ఏం జవాబు వచ్చింది?" బిల్లు నకలు కంటే ఆ జవాబు నకలు మనకు విలువైనది. ఇవ్వలేము అని కారణంతో వచ్చినా సరే. కారణం చేతికి వస్తే దానికి సమాధానం చెప్పవచ్చు, వచ్చే ఎన్నికలలో నిలదీయవచ్చు. మౌనానికి అప్పీలు లేదు.

మూడవది, లోక్‌సభలో పిటిషన్ల కమిటీ ఉంది. ప్రజలు నేరుగా విన్నపం పంపుకోవచ్చు, సభ్యుడు సంతకం చేసి సభలో పెట్టవచ్చు. దానికి ఖర్చు మన తపాలా ఖర్చే.

నాలుగవది, మన లెక్క మనం వేసుకోవాలి. ఎంతమంది, ఒక్కొక్కరికి ఎంత, ఏడాదికి ఎంత. లెక్క లేని కోరిక నినాదం అవుతుంది. లెక్కతో వెళితే అది ప్రతిపాదన. నలభై ఏళ్ళు లెక్కలు రాసినవాళ్ళం, ఈ ఒక్క లెక్క రాయలేమా? ఈ పనికి నాతో కూర్చునేవారు ముగ్గురు కావాలి. కళ్ళు బాగున్నవారైతే మరీ మంచిది.

చప్పట్లు కొట్టిన మిత్రుణ్ణి నేను నిరుత్సాహపరచలేదనే అనుకుంటున్నాను. ఆయన కోరిక సరైనది. గేటు ఎక్కడుందో చెప్పడమే నా పని. ఈ సభలో ఒక తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. మనం ఎవరికి ఏ విన్నపం పంపినా చివరి వాక్యం ఇలా ఉండాలి: "అనుమతించినా, నిరాకరించినా, కారణాలతో లిఖితపూర్వకంగా జవాబు దయచేయ ప్రార్థన." అనుకూలమైనవారు చేతులెత్తండి.

ఆ అటెండరు పేరు ఇక్కడ చెప్పను. చేయి ఎత్తేటప్పుడు నేను మాత్రం ఆయననే తలచుకుంటాను.